ఇరవై వేలు దాటిన ఏడు

మా యజమాని పరంజ్యోతి గారు దేవుడికి ఒక్క నయాపైస ఎగ్గొట్టిన మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే ఇక మీదట నేను చెప్పబోయేది వింటే మీరు ఆయన్ని తిట్టుకుంటారు. తిట్టుకోండి, నాకేం అడ్డం లేదు, నేనూ నోరారా తిట్టినా. కానీ ఆ మనిషి దొంగ కాదు. దొంగై ఉంటే నాకీ కర్మ పట్టేది కాదు, అందరం హాయిగా ఉండేవాళ్ళం.

నా పేరు పద్మనాభయ్య. ముత్తుకూరులో ఆయన కట్టెల అడితిలో గుమాస్తాని. ఆయన నాయన బతికుండగా చేరినా, ఇరవై రెండేళ్ళయింది. కృష్ణపట్నం చుట్టూ సరుగుడు తోపులు కొనడం, నరికించడం, పడవలకెత్తి బకింగ్‌హాం కాలవ మీద మద్రాసుకు తోలడం, ఇదీ మా వ్యాపారం. ఆరు పడవలు ఉన్నాయి. నా జీతం నెలకి ఎనభై ఐదు రూపాయలు. పొలం లేదు, పుట్ర లేదు, పిల్లలు లేరు. ఉన్న ఆస్తల్లా నా సంతకం. మా పడవోళ్ళు చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఏ రేవులో దిగినా, నా చీటీ చూపిస్తే అంగడోళ్ళు బియ్యం కొలిచేవాళ్ళు. డబ్బు ఎవరిస్తారని అడగరు. సంతకం పద్మనాభయ్యదా కాదా అని చూస్తారు, అంతే. దాన్ని నేనే పోగొట్టుకున్నా. ఎట్టా పోగొట్టుకున్నానో వినండి.

యాభై ఎనిమిది మార్చిలో లెక్క మూసినాను. ఎప్పుడూ పద్నాలుగు వేలు, పదిహేను వేలు మిగిలే వ్యాపారం. ఆ ఏడు మద్రాసులో వానలు దంచికొట్టి ఎండు కట్టెకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మిగులు ఇరవై వేల మూడొందల నలభై తేలింది. మూడుసార్లు కూడినా, మూడుసార్లూ అదే.

"అయ్యా, ఇరవై వేలు దాటినాం," అన్నాను.

"దేవునికి స్తోత్రం," అన్నాడాయన.

"స్తోత్రం సరే. మినహాయింపు పోయింది."

ఆయనకు అర్థం కాలా. వివరంగా చెప్పినా. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడికి మొదటి మూడువేల ఆరొందల మీద పన్ను ఉండదు. ఆ దయ ఇరవై వేలలోపు వాళ్ళకే. దాటినవాడికి మొదటి వెయ్యి మాత్రమే వదులుతారు. అంటే పెళ్ళీ పెటాకులూ లేని బ్రహ్మచారిని ఎట్టా లెక్కగడతారో అట్టాగే.

ఆయన భార్య ఎలిశబెతమ్మ మజ్జిగ తెచ్చి అక్కడే నిలబడి వింటా ఉంది. "అయితే ఈ ఏడు నేను లేనట్టా? మంచిదేలే, పొయ్యి దగ్గర పని తప్పుతుంది," అన్నది. నేను నవ్వినా. ఆయన నవ్వలేదు.

"ఎంత పోతుంది?" అన్నాడు.

"ఎనభై రెండు రూపాయలు. పైన మూడొందల నలభై మీద పన్ను వేరే ఎట్టాగూ ఉంటుందనుకోండి."

"దాని మీద ఎంతన్నా వేసుకోనీ, సంపాదించినాను, కడతా. ఈ ఎనభై రెండు మాత్రం నాకు మింగుడుపడదు అన్నా. దేవుడు ఇద్దరు బిడ్డల్నిచ్చినాడు. వాళ్ళు లేరని రాస్తారా?"

"లేరని ఎవురూ రాయరయ్యా. మినహాయింపు ఇవ్వరు, అంతే."

"రెండూ ఒకటే," అన్నాడు.

ఇదీ ఆయన తంతు. నన్ను అన్నా అంటాడు, చిన్నప్పుడు నా పక్కన కూర్చుని కూడికలు నేర్చుకున్నవాడు కాబట్టి. కూడికలు వచ్చినాయి గానీ మొండితనం పోలేదు. మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరిగినాడు. కట్టేయండయ్యా, పీడా పోతుంది అని చెవినిల్లు కట్టుకుని పోరినా. వింటేగా!

నాలుగో రోజు నెల్లూరు పోయి వచ్చినాడు. వస్తూనే, "అన్నా, నీకు నేనెప్పుడూ బోనస్ ఇయ్యలేదు కదా?" అన్నాడు.

ఏం దాచుకోను, నా గుండె ఎగిరింది. ఇన్నేళ్ళకి కళ్ళు తెరిచినాడురా అనుకున్నా. "లేదయ్యా," అన్నాను.

"ఈ ఏడు ఇచ్చినట్టు రాయి. నాలుగొందల ఇరవై."

"ఇచ్చినట్టా?"

"ఇచ్చినట్టు."

నా ఆశ ఎక్కడ లేచిందో అక్కడే కూలబడింది. లెక్క నాకు వెంటనే తెలిసిపోయింది. బోనస్ ఖర్చు కింద పోతే మిగులు పంతొమ్మిది వేల తొమ్మిదొందల ఇరవై. ఇరవై వేలలోపు. పెళ్ళాం పిల్లలు మళ్ళీ లెక్కలోకొస్తారు. దానికి నేను ముట్టని డబ్బు ముట్టిందని స్టాంపు మీద సంతకం పెట్టాల.

"వద్దయ్యా," అన్నా. "ఇన్నేళ్ళలో ఒక్క దొంగ చీటీ రాయలా. నన్ను ఇందులోకి లాగొద్దు."

"నిన్ను నేనెప్పుడన్నా ఏదన్నా అడిగినానా అన్నా?"

అడగలేదు, నిజమే. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నెల్లూరు ఆసుపత్రిలో పదిహేను రోజులు పెట్టించి, ఆ డబ్బు జీతంలో పట్టుకోలేదు. నాకాయన పెట్టినదే గానీ నేనాయనకు పెట్టింది లేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా నాయన అంటా ఉండేవాడు. ఆ మాట ఆ పూట గుర్తుకొచ్చింది కూడా. అయినా తొక్కినా. మార్చి ఇరవై ఎనిమిదో తేదీ వేసి సంతకం పెట్టినా.

కార్తీకమాసంలో నెల్లూరు పన్ను ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఆఫీసరు ముప్పై ఏళ్ళ సన్నపాటి మనిషి. గట్టిగా మాట్లాడడు. కాయితాలన్నీ తిరగేసి ఆ చీటీ దగ్గర ఆగినాడు.

"ఇరవై రెండేళ్ళు ఇవ్వని బోనస్, సరిగ్గా ఇరవై వేలు దాటబోయే ఏడే ఇవ్వాలనిపించిందా?" అన్నాడు. తర్వాత నాచేత ప్రమాణం చేయించి అడిగినాడు. "ఏమయ్యా, ఐదు నెలల జీతం ఒక్కసారిగా నీ చేతికి ముట్టిందా?"

"ముట్టింది సార్."

"ఏం చేసినావు?"

"అప్పులుంటే తీర్చినా."

ఆయన నా చొక్కా వైపు, కాళ్ళ వైపు చూసినాడు. నమ్మలేదని నాకు తెలుసు. నమ్మలేదని రాయడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. చీటీ ఉంది, సంతకం ఉంది, ప్రమాణం ఉంది. మినహాయింపు ఇచ్చేసినాడు. బస్సులో వచ్చేటప్పుడు పరంజ్యోతి గారు, "నీ మేలు మర్చిపోనన్నా," అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళంతా ఎవరో బాదినట్టుగా ఉంది. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నా. ఏమయిందని నా భార్య ఇందిరమ్మ అడిగితే బస్సు పడలేదని చెప్పినా.

అంతటితో పోయుంటే బాగుండేది. మాఘమాసంలో కోతలైనాయి. వాళ్ళ చర్చిలో కోత పండుగ వచ్చింది.

ఆ పండుగ సంగతి చెప్పాల. కోతలయ్యాక ఒక ఆదివారం సంఘం వాళ్ళంతా పండిన పంటలో మొదటిది తెచ్చి చర్చిలో పోస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు. వాటిని వేలం వేస్తారు. సంపాదన ఉన్నవాళ్ళు ఆఖరున లెక్క మూసిన ఏడాది ఆదాయంలో పదోవంతు కవర్లో పెట్టి ఇస్తారు. పాస్టరు గారు ఒక్కో పేరూ, ఒక్కో మొత్తమూ పైకి చదువుతాడు. చదువురాని వాళ్ళు కూడా ఆ అంకె వినగానే చివర ఒక సున్నా చేర్చుకుని ఫలానావాడి ఆదాయం ఇంత అని చెప్పేస్తారు. నేను హిందువునైనా ఏటా పోతా. ఎలిశబెతమ్మ నాకొక కుర్చీ వేయించి పెడుతుంది, వేలంలో ఒక గుమ్మడికాయ పాడుకుని వస్తా. ఊళ్ళో అందరికీ అది మామూలే.

వ్యాపారం లెక్కంతా నాది. దేవుడి లెక్క మాత్రం ఆయనే సొంతంగా వేసుకునేవాడు. నేను ఎప్పుడూ అడగలా. ఆఫీసులో ఏ అంకె చెప్పినామో దాంట్లోనే పదోవంతు తీస్తాడులే అనుకున్నా. ఏ మనిషైనా అట్టాగే అనుకుంటాడు.

"పరంజ్యోతి గారు," అని పాస్టరు గారు చదివినాడు, "రెండు వేల ముప్పై నాలుగు రూపాయలు."

అమ్మలు, అక్కలు ఆహా అన్నారు. నేను కుర్చీలోంచి సగం లేచినా. ఆయనేమో ముందు వరసలో కళ్ళు మూసుకుని చేతులు జోడించి కూర్చుని ఉండాడు. గుమ్మడికాయ లేదు, ఏమీ లేదు. ప్రార్థన అయ్యేదాకా ఉండి, ఆయన్ని చర్చి వెనక్కి తీసుకుపోయినా.

"ఏందయ్యా ఇది?"

"ఏంది?"

"రెండు వేల ముప్పై నాలుగేంది! ఆఫీసులో మనం చెప్పిన దానికి పంతొమ్మిదొందల తొంభై రెండు కదా రావాల?"

ఆయన నావైపు నిజంగా ఆశ్చర్యపోయి చూసినాడు. "వచ్చింది ఇరవై వేల మూడొందల నలభై కదన్నా. దాంట్లో పదోవంతు ఇది. నువ్వు చెప్పేది గవర్నమెంటు లెక్క. దేవుడి దగ్గర లెక్క దాచి బాగుపడినోడు ఉండాడా?"

"మరి నేను ప్రమాణం చేసినానే! నేను బాగుపడొద్దా?"

"నువ్వు చేసింది గవర్నమెంటు ముందర కదా," అన్నాడు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

ఒరే నాయనా! ఇంకేం మాట్లాడేది? ఆయన మనసులో రెండు గదులున్నాయి, మధ్యలో తలుపు లేదు. నేను మాత్రం రెండో గదిలో ఇరుక్కుపోయినా.

ఎవరూ పితూరీ చేయలేదు. ఆ మాట కూడా చెప్పాల. పన్ను ఆఫీసులో టైపు కొట్టే క్రీస్తురాజు అత్తగారిది ముత్తుకూరే. పండుగకు వచ్చినాడు, విన్నాడు, సంతోషపడినాడు. సోమవారం ఆఫీసుకు పోయి, మా అత్తగారి ఊరి సంఘంలో ఒక కట్టెల వ్యాపారి రెండు వేల ముప్పై నాలుగు దశమ భాగం ఇచ్చినాడని గొప్పగా చెప్పుకున్నాడు. పాపం వాడికేం తెలుసు? ఆఫీసరు చివర సున్నా చేర్చుకున్నాడు.

ఏప్రిల్లో మళ్ళీ పిలుపు. బస్సులో ముత్తుకూరు నుంచి నెల్లూరు దాకా ఆయనకు పాఠం చెప్పినా. "సంతోషం కొద్దీ పదోవంతు పైన నలభై రెండు రూపాయలు ఎక్కువ వేసినానని చెప్పండయ్యా. అది తప్పు కాదు, ఎవరూ కాదనలేరు. ఈ ఒక్క మాట చెప్పి నన్ను ఒడ్డున పడేయండి. ఆఫీసులో నా సంతకం అబద్ధమని తేలితే నాకిక బతుకు లేదు." ఆయన తల ఊపినాడు. నాలుగుసార్లు చెప్పించుకున్నా, నాలుగుసార్లూ సరిగ్గానే చెప్పినాడు.

ఆఫీసరు నెమ్మదిగానే అడిగినాడు. "మీరు చర్చిలో ఇచ్చింది పదోవంతేనా, ఎక్కువ వేసినారా?"

పరంజ్యోతి గారి పెదాలు కదిలినాయి. సంతోషం కొద్దీ, అన్నాడు. ఆగిపోయినాడు. నేను పక్కనుంచి చెప్పండయ్యా, చెప్పండి అని మనసులోనే మొత్తుకుంటా ఉన్నా. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారినాయి.

"ఎక్కువ వేయలేదు సార్. సరిగ్గా పదోవంతే. బోనస్ ఇయ్యలేదు. పద్మనాభయ్యన్న వద్దన్నా నేనే బలవంతాన సంతకం పెట్టించినాను."

కోపం రావాల్సింది నాకు. రాలేదు, ఒక్కసారిగా నిద్ర ముంచుకొచ్చింది. అంత అలసట నేనెరగను. ఇక అయిపోయిందిలే అన్నట్టు ఒళ్ళు వదిలేసింది.

ఆఫీసరు చాలాసేపు రాసుకున్నాడు. ఆయనతో, "మీరుగా ఒప్పుకున్నారు కాబట్టి చిన్న జరిమానాతో పోనిస్తున్నా. మినహాయింపు రద్దు. ఆ ఎనభై రెండూ, మిగతా పన్నూ కట్టండి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగినాడు. "ఆయన కాయితం మీద అబద్ధం రాయించినాడు. నువ్వు ప్రమాణం చేసి నోటితో చెప్పినావు. కేసు పెట్టొచ్చు. పెద్దవాడివని వదిలేస్తున్నా. కానీ ఒకటి విను. నీ చేత్తో రాసిన లెక్క ఏ వ్యాపారిది వచ్చినా సరే, ప్రతి చీటీ విప్పి చూస్తా."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా సంగతి. కాకపోతే కొండ నాలుక ఆయనది, ఊడింది నాది.

తర్వాతి ఆదివారం ఆయన చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పుకున్నాడు. వాళ్ళల్లో అదొక పద్ధతి, తప్పు చేసినవాడు అందరి ముందూ ఒప్పుకుంటాడు. నన్ను రమ్మన్నాడు, పోయి వసారాలో నిలబడినా. ఏదీ దాచలేదాయన. "నేనూ, నా గుమాస్తా పద్మనాభయ్యా కలిసి అబద్ధమాడినాం," అన్నాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. సంఘ పెద్దలు లేచి ఆయన్ని కావలించుకున్నారు. పాస్టరు గారు తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసినాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం తలంటు పోసుకున్నవాడి మొహంలా తేటగా ఉంది. నాకు ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు.

ఎలిశబెతమ్మ నాకంటే ముందే అందుకున్నది. "నీ తప్పు నువ్వు ఒప్పుకో, ఎవరొద్దన్నారు? ఆయన పేరెందుకెత్తినావు?"

"సగం నిజం చెప్పమంటావా?" అన్నాడాయన.

"ఇన్నాళ్ళకి నిజం మీద ఇంత మక్కువ పుట్టుకొచ్చిందే!" అని ఆమె చరచరా ఇంటికి వెళ్ళిపోయింది.

మేమిద్దరం మిగిలినాం. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కొత్త గుమాస్తాను చూసుకోవాల్సి వస్తుందని, నా చేతి లెక్క పెడితే ప్రతి చీటీ విప్పుతారని, ఆయన నోటితో చెప్పలేక నీళ్ళు నములుతుంటే నేనే చెప్పేసినా. ఆ మాట మోయడం కూడా నావంతే అయింది.

"నన్ను క్షమించినావా అన్నా?"

"క్షమించినానయ్యా. మీకు చెప్పుకోను సంఘం ఉంది, తల మీద పెట్టను పాస్టరు గారి చెయ్యి ఉంది. నాకు అట్టాంటి ఏర్పాటు లేదు. నేనెక్కడికి పోయి చెప్పుకునేది?"

ఆయన నా చెయ్యి వదల్లేదు. "నీకోసం రోజూ ప్రార్థన చేస్తా," అన్నాడు. చేస్తాడు కూడా. ఆడిన మాట తప్పే మనిషి కాదు.

దారిలో రైసుమిల్లు హజరత్తయ్య దగ్గర ఆగి పని అడిగినా. ఐదేళ్ళుగా తన మిల్లు లెక్కలు రాయమని నా వెంటపడిన మనిషి. "చూద్దాంలే పద్మనాభయ్యా, ఇప్పుడు తొందరేముంది," అన్నాడు. కూర్చోమనలేదు. అతన్ని తప్పుపట్టను. అతని చీటీలు అతనికుంటాయి.

ఇంటికొచ్చేసరికి ఇందిరమ్మ వసారాలో బియ్యం చెరుగుతా ఉంది. కబురు నాకంటే ముందే చేరింది. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"ఎంత తిన్నావు దాంట్లో?"

"ఏం తినలా."

"నాకన్నా నిజం చెప్పు. తిన్నావంటే తిట్టనులే."

"ఒక్క పైస ముట్టలా ఇందిరా. నీ మీద ఒట్టు."

ఆమె చెరగడం ఆపి నావైపు చూసింది. తిన్నానంటే నిజంగానే తిట్టేది కాదేమో. తినలేదన్నందుకే ఆమెకు అర్థం కాలా.

"మరెందుకు పెట్టినావు సంతకం?"

"అడిగినాడు."

"అడిగితే?"

"ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను ఒక్కటీ అడగలా. మొదటిసారి అడిగినాడు. కాదనలేకపోయినా."

ఆమె చేటలో బియ్యం కుండలో పోసి, చెయ్యి దులుపుకుని లేచింది.

"నేనడిగినవి ఎన్ని కాదన్నావయ్యా," అన్నది.